నాలుగు చుక్కల వెల్డింగు

మధ్య భారతంలో కొత్త రాష్ట్రం వచ్చిన రెండో ఏడు, క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే, స్టీలు ప్లాంటు పక్కనున్న సుపేలాలోని ఓ చిన్న చర్చి మీంచి ఇనుప నక్షత్రం కిందపడింది. దాన్ని చేసిన రిటైర్డ్ వెల్డరు విలియం చర్చి వెనక్కి పోయి దాక్కుంటే, అతని అక్క వెతికి పట్టుకుంది.

“ఎవరికీ తగల్లేదు కదా అక్కా?”

“పూలకుండీకి తగిలింది. అదేటీ అన్లేదు. కోతులు తోసేసాయని పాస్టరుగారికి చెప్పినావట?”

“మరేటి చెప్పమంటావు? నిలబెట్టడానికి నాలుగు చుక్కలు అంటించి, చాయ్ తాగొచ్చి పక్కా వెల్డింగు చేద్దామనుకున్నాను. అందరూ పొగిడేసరికి మర్చిపోనాను. ముప్పై ఏళ్ల సర్వీసు నాది. ఏ ముఖం పెట్టుకుని వస్తాను?”

“సాయంత్రం ఆరాధనకి నక్షత్రం వద్దేటి? ప్లాంటులో కొత్తోడి జాయింటు ఊడిపోతే ఏటనేవోడివి?”

“పాత అతుకు గ్రైండింగు కొట్టి మళ్లీ వెయ్యమనేవోణ్ణి.”

“తిట్టేవోడివా?”

“తిడితే చెయ్యి వణుకుతాది. రెండోది కూడా పాడవుతాది.”

“మరి పొద్దుట్నుంచి నిన్ను నువ్వే తిట్టుకుంటన్నావు. ఏదీ, చెయ్యి చాపు.”

“వణుకుతోందే.”

“మాస్కు దించే ముందు ఏటి చేస్తావు?”

“నెమ్మదిగా ఒక ఊపిరి తీసుకుంటాను. అయిపోయిన జాయింటు వదిలేసి, ఎదురుగా ఉన్నదే చూస్తాను.”

“అయితే తీసుకో. నేను ఆగుతాను.”

అతను కళ్లు మూసుకుని, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలాడు.

“ఇప్పుడో?”

“ఆగిందక్కా.”

“మంచిది. పాస్టరుగారు కోతుల్ని పట్టేవోడికి కబురంపుతున్నారు.”

“అయ్యో, ఉండమను.” అతను గబగబా చర్చి ముందుకి నడిచాడు. “పాస్టరుగారూ, నిచ్చెన తెప్పించండి, సాయంత్రానికి ఎక్కించేస్తాను. కోతులోడు వద్దండీ. ఆ కోతి పేరు విలియం.”