ప్రశ్నల పేజీ

కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఒక కాఫీ షాపు. కొందరు కలిసి ఊరికే నడుపుతున్న ‘తప్పొప్పులు’ అనే ఓపెన్ సోర్స్ తెలుగు స్పెల్‌చెకర్‌కి కొత్త వెబ్‌సైటు ఎలా ఉండాలో భరద్వాజ్ ల్యాప్‌టాప్‌లో చూపిస్తున్నాడు. ఎదురుగా ధాత్రి.

“...మొదటి పేజీ, డౌన్‌లోడ్, వాడే పద్ధతి. అంతే. బావుంది కదూ?”

“ప్రశ్నల పేజీ ఏది, భరద్వాజ్ గారూ?”

“తీసేస్తున్నాం.”

“తీసేస్తే, ఇన్‌స్టాల్ కానప్పుడు జనం ఎక్కడ అడుగుతారు?”

“జనమా? ఏ జనం, ధాత్రీ? అక్కడ కూర్చునేది మీ అన్నయ్య అనంత్ ఒక్కడే.”

“మొదలుపెట్టిందీ అన్నయ్య ఒక్కడే. మీరంతా తర్వాత వచ్చారు.”

“కాదన్నానా? అనంత్ పేరు అడుగున వేస్తాం. చిన్నగా.”

“చిన్నగా.”

“చూడు, ఊరికే పనిచేసేవాళ్లు దొరకడమే కష్టం. మొన్న సాత్విక, ఇక్కడి కాలేజీ పిల్ల, సరదాపడి కోడ్ రాసి పంపింది. అందరూ చూసేచోట మీ అన్నయ్య ఏమన్నాడో తెలుసా? ‘నీకు తెలుగూ రాదు, కోడూ రాదు’ అన్నాడు. మళ్లీ కనపడితే ఒట్టు.”

“ఉద్యోగం పోయినప్పట్నించీ అలాగే...”

“నాకూ పోయింది ఉద్యోగం! నేను బేస్‌మెంట్‌లో దూరి తలుపేసుకున్నానా?”

“నెమ్మదిగా. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. ఎవరికొచ్చు ఇక్కడ తెలుగు?”

“ఆ పేజీ కోసమే పొద్దున లేస్తాడండీ. స్నానం చేస్తాడు. చొక్కా మార్చుకుని కూర్చుంటాడు.”

“మీ అన్నయ్య చొక్కా మార్చుకోవడానికా మేం వెబ్‌సైటు కట్టేది?”

“అలా అనకండి.”

“అసలక్కడ అడిగేదెవరు? ఆ రాఘవులొక్కడు. వత్తు ఎందుకు ఎగిరిపోయింది, అరసున్న ఎక్కడుంది... అన్నీ మొద్దు ప్రశ్నలు. ఈయన తిట్టుకుంటూ పేజీలకి పేజీలు జవాబు. ఇద్దరు పిచ్చోళ్ల కోసం సర్వర్ నడపాలా?”

“రాఘవులు పిచ్చోడు కాదు.”

“నీకెలా తెలుసు?”

“తెలుసు.”

“ఎలా తెలుసంటే?”

“రాఘవులు లేడు. నేనే.”

“నువ్వా?”

“వేర్‌హౌస్‌లో షిఫ్ట్ అయ్యాక బస్సులో టైప్ చేస్తా. ఇంటికెళ్లేసరికి అన్నయ్య పైకొస్తాడు. ‘రాఘవులు గాడు మళ్లీ అడిగాడే, వాడి బుర్రనిండా మట్టి’ అంటాడు. నవ్వుతాడు. ఆ పూట నాతో కూర్చుని అన్నం తింటాడు.”

“ఎన్నాళ్లనించి?”

“మీరంతా ఫోన్లు మానేసినప్పట్నించి.”

“నాకు... నాకు తెలీదు ధాత్రీ. ఇంతసేపూ ఏదేదో వాగాను. సరే. పేజీ ఉంచుదాం. మిగతావాళ్లకి నేను చెప్పుకుంటా.”

“వద్దు.”

“వద్దా?”

“తీసెయ్యండి. దూరాన హాలిఫాక్స్‌లో ఉద్యోగం వచ్చింది. ఒక్కదాన్నే వెళ్తున్నా. ఇంక నాకు ప్రశ్నలు తట్టట్లేదు.”

“మరి ఇంతసేపూ ఉంచమని పోట్లాడావు?”

“పోట్లాడా కదా. చివర్లో ఏడ్చానని కూడా కలిపి అన్నయ్యకి చెప్పండి.”