బొటనవేలి గుంట

హలో… ఆ, నేనే.

నేనే వదినా. వినిపిస్తోందా?… ఇక్కడ జెనరేటర్ మోత. ఉండు, వరండా చివరికి వెళ్తాను.

ఆ… ఇప్పుడు చెప్పు. లేదు, లేదు, నేనే చెప్తాను. ముందు నువ్వు కూర్చో.

కూర్చున్నావా?

కాదు. అన్నయ్య కాదు.

…

కాదంటున్నాగా వదినా, ఇంకా ఎందుకు ఏడుపు… సరే. ఏడువు. ఏడ్చేసెయ్.

…

చూశాను. ఆ, నా కళ్ళతోనే… మొహం చూస్తే ఎవరికీ తెలీదు. అది మాత్రం అడక్కు. అన్నాళ్ళు నీళ్ళల్లో ఉన్న మనిషి మొహం— వద్దులే. నువ్వు మార్చురీకి రాకపోవడమే మంచిదయింది.

బట్టలా? బట్టలకేముంది. కాలవ బురదలో నానాక అందరి చొక్కాలూ ఒకటే రంగు… ఎత్తు అన్నయ్యంతే. అందుకేగా మనల్ని పిలిచారు.

ఎలా అంటే… చెయ్యి చూసి.

ఆ, కుడిచెయ్యి.

… బొటనవేలు చూస్తే చాలని నేనూ అనుకున్నా. ప్రెస్సులో మిషన్ కింద నలిగిన వేలు, వంగదు, దాంతో తేలిపోతుంది అనుకుంటూ వచ్చాను బస్సులో దారంతా. తీరా చూస్తే అక్కడ ఏ వేలూ వంగదు. ఐసు పెట్టెలోంచి తీశారు… అన్నీ కొయ్యబారిపోయి ఉన్నాయి. ఇంక విరిగిన వేలేదో, మంచి వేలేదో ఎవరు చెప్తారు?

మచ్చా? మచ్చ కనపడటానికి తోలు— వద్దు వదినా, అడక్కన్నానుగా.

అటెండరేమో 'తొందరగా తేల్చండి సార్' అంటాడు. నేను తేల్చకపోతే రక్తం పరీక్షకి పంపుతారట. దానికి ఎన్నాళ్ళు పడుతుందో వాళ్ళకే తెలీదు. అన్నాళ్ళు నువ్వు ఇలాగే గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి.

అప్పుడు గుర్తొచ్చింది, బ్యాగులో పిడి ఉందని.

… పిడి వదినా. షేవింగ్ బ్రష్ పిడి. నేను చేసేవి… ఆ, అదే, నా పిచ్చి. మా ఆవిడ అంటుంది కదా, ఉప్పు డబ్బా మూత తీసినా చెక్కపొట్టే ఉంటోందని.

అన్నయ్యకి చేసిచ్చాను చూడు, నాన్న కుర్చీ విరిగితే దాని కాలుతో. ఆ ఒక్క కాల్లో రెండు పిడులు వచ్చాయి. ఒకదానికి మెడ దగ్గర సన్నగా పగులొచ్చిందని అది నేనుంచుకున్నా, ఎప్పుడూ నా బ్యాగులోనే పడి ఉంటుంది. పట్టు మాత్రం రెండిటికీ ఒకటే. గుంట కూడా ఒకటే.

గుర్తుందా, పాప ఆడుకునే బంకమట్టి ముద్ద చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాను… ఆ, హాల్లోనే. 'ఏంట్రా, గాజులకి కొలత తీస్తున్నావా' అన్నాడు. నువ్వు వంటింట్లోంచి 'వేయించవయ్యా, చేతులైనా మెరుస్తాయి' అన్నావు… నవ్వాడు. అవును, అప్పుడు నవ్వేవాడు.

ఆ ముద్ద పక్కన పెట్టుకుని చేశాను వదినా. నాలుగు వేళ్ళూ ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలు ఒక్కటే నిటారుగా పడుకుని ఉంది. లేత్ మీద గుండ్రంగా తిప్పాక, ఆ వేలి కోసం ఉలితో చిన్నగా గుంట తీశాను… కొట్లో బ్రష్‌లన్నీ వంగే వేళ్ళకి చేసినవే కదా. సబ్బు చేతుల్లోంచి జారి సింకులో పడేవి, పొద్దున్నే ఆ చప్పుడుకి నువ్వు లేచేదానివి.

అందుకని… పెట్టి చూశాను.

ఆ. ఆ చేతిలోనే.

… ఛీ అంటే ఎలా? వేరే దారి చెప్పు. అటెండరు కూడా నన్ను పిచ్చోణ్ణి చూసినట్టే చూశాడు. చూడనీ.

కుదరలేదు. అసలు వేళ్ళ మధ్యకే దూరలేదు. బొటనవేలు గుంటలోకి రాకుండా పక్కకి పోయింది. తిప్పి తిప్పి పెట్టాను. లావు చెయ్యి అది. ఎవరో మోటు మనిషి… అన్నయ్యది ఎముకల చెయ్యి. నేను చెక్కిన పిడి వదినా, వెంట్రుకవాసి తేడా ఉన్నా నాకు తెలిసిపోతుంది.

కాదని చెప్పేశాను… సంతకం ఇంకా లేదు. కానిస్టేబులు రావాలట, ఆయన ముందు పెట్టాలట. అందుకే ఉన్నాను ఇక్కడ.

…

ఏమో మరి. ఎక్కడున్నాడో నాకు మాత్రం ఏం తెలుసు? కానీ ఇక్కడ లేడు. ఈ పూటకి అది చాలు.

మీ అమ్మగారు ఏం చేస్తున్నారు?… అన్నం తిన్నారా మీరు?… నిన్నటినుంచా? ఇప్పుడు తినండి. పాప బడి నుంచి వచ్చేలోపు ఆ మొహం కడుక్కో.

… నీ వల్లా? నీ వల్లేంటి?

చెప్పు. పర్లేదు, చెప్పు. ఏమన్నావు ఆ రోజు?

… ఆ…

… 'ఆ గడ్డం మొహానికి పనెవరిస్తారు' అన్నావు. అంతేనా?… అంతేనా వదినా? దీనికా ఇన్నాళ్ళనుంచి కుళ్ళిపోతున్నావు లోపల్లోపల? మా ఆవిడ రోజూ నన్ను అంతకంటే ఎక్కువే అంటుంది. నేనేమన్నా వెళ్ళి కాలవలో దూ—

… సారీ. నోరు జారింది. సారీ వదినా.

దానికి అన్నయ్య ఏమన్నాడు?… ఏమీ అనలేదా. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడా… అలాగే చేస్తాడు. చిన్నప్పుడూ అంతే. మాట పడితే మాట్లాడడు, మనం వెనకాల తిరగాలి.

అవునూ, గడ్డం ఎందుకు పెంచాడు?… ప్రెస్సు మూసేసినందుకా? మూసేశాక కూడా మా ఇంటికి నున్నగా గీసుకునే వచ్చాడే. దిగులుంటే మొహం మీద కనపడనిచ్చే మనిషి కాదు… ఈ మధ్యే మానేశాడా? ఎందుకు, బ్రష్ ఉందిగా?

ఏమో అంటావేంటి.

…

వదినా, ఒక పని చెయ్. లే. బాత్రూంలోకి వెళ్ళు… వెళ్ళు, చెప్తాను. అద్దం కింద అరలో ఆ బ్రష్ ఉందేమో చూడు.

ఉన్నాను. లైన్లోనే ఉన్నా.

…

లేదా?

సరిగ్గా చూడు. సబ్బు కప్పు వెనక… బకెట్ పక్కన… ఎక్కడా లేదా? పాప ఆడుకోడానికి తీసిందేమో… పాప దాన్ని ముట్టుకోదా? సరే, రేజరు? రేజరుందా?… ఉంది. సబ్బుంది. బ్రష్ ఒక్కటే లేదు.

వదినా!

విను, విను. నే చెప్పేది విను. పట్టుకెళ్ళాడు. తనే పట్టుకెళ్ళాడు!… అర్థం కాలేదా? ప్రాణం తీసుకోవాలనుకున్నవాడు షేవింగ్ బ్రష్ పట్టుకెళ్తాడా? ఎక్కడికో పోయి ఉండాలనుకున్నవాడే పట్టుకెళ్తాడు. ఎక్కడో ఏ రూములోనో ఉన్నాడు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడు…

రేజరు ఎందుకు వదిలేశాడంటే— అబ్బ, రేజరు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఆ పిడి ఎక్కడ దొరుకుతుంది? నేను చేస్తేనే ఉంటుంది ఆ పిడి.

అంతే వదినా. బతికే ఉన్నాడు.

…

ఆ… తిట్టు. బాగా తిట్టు. పాప మొహమైనా గుర్తురాలేదా మహానుభావుడికి… రానీ. రాగానే నువ్వొక పక్క, నేనొక పక్క కూర్చుని దులిపేద్దాం. కానీ ఒకటి వదినా, వచ్చాక గడ్డం ఊసెత్తకు… నవ్వావా? నవ్వావు. విన్నాను.

అదిగో, కానిస్టేబులు వచ్చాడు. సంతకం పడేసి వచ్చేస్తా. పెట్టెయ్యకు, ఉండు, ఒక్క నిమిషం—

ఆ, నేనేనండీ. చెప్పాను కదా అటెండరుకి. మా అన్నయ్య కాదు… ఎక్కడ పెట్టాలి, ఇక్కడా?… ఏంటవి?… ప్యాంటు జేబులోవా? ఈయన జేబులోవేనా?… నేను చూసి ఏం చేస్తానండీ, మా మనిషి కాదంటుంటే… సరే. ఇవ్వండి, చూస్తే పోలా.

తాళంచెవి… ఇలాంటివి ఇంటికొకటి ఉంటుంది… ఈ రుమాల్లో ఏంటి?… విప్పనా?

…

…

ఏవండీ, ఇది… ఇది ఈయన దగ్గరే దొరికిందా? మీరు చూశారా?… వేరే వాళ్ళది కలిసిపోలేదుగా?

… లేదు. కూర్చోనక్కర్లేదు. కాసేపు… కాసేపు నన్ను వదిలెయ్యండి.

…

వదినా.

ఉన్నావా?

ఏం లేదు… ఒకటడుగుతాను, చెప్పు. పాప జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు… పచ్చరంగువి ఉన్నాయా? మీద చిన్న పువ్వుంటుంది… ఉన్నాయా. ఒకటి పోయిందా?

ఊరికే… ఊరికే అడగలేదు వదినా.

మీ అమ్మగారిని నీ దగ్గరికి రమ్మను. ముందు పిలువు. నేను ఆగుతాను.

…

వచ్చారా? చెయ్యి పట్టుకోమను.

… బ్రష్ దొరికింది.

ఇక్కడ. ఇక్కడే వదినా. ఆ జేబులో… వెంట్రుకల కుచ్చు ఊడిపోయి ఉంది. పిడి వేరు, కుచ్చు వేరు. రెండూ పోకుండా కలిపి ఆ రబ్బరు బ్యాండు చుట్టాడు. రుమాల్లో మూట కట్టుకున్నాడు.

నాదే. నేను చేసిందే. అడుగున మేకు కాల్చి పెట్టిన చుక్కుంది. గుంట ఉంది… నా వేలు పెట్టి చూశాను.

…

అన్నాను. కుదరలేదన్నాను. అవును, నేనే అన్నాను…

పిడి చూశాక తెలిసింది. ఉబ్బిపోయింది వదినా పిడి. వార్నిష్ లేచిపోయి, మెడ దగ్గర నెర్రిచ్చి, నా దగ్గరున్నదానికంటే ఇంత లావైంది. చెక్క నీళ్ళల్లో ఉబ్బుతుందని తెలుసు నాకు. చెయ్యి కూడా ఉబ్బుతుందని తట్టలేదు. ఎండు పిడి తెచ్చి నానిన చేతిలో పెట్టి చూశాను… ఎముకల చెయ్యి, ఎముకల చెయ్యి అంటూ.

నీకు లేనిపోని ఆశ పెట్టాను. నన్ను తిట్టు.

…

కాదు! అది మాత్రం అనకు. నీ మాటకి కాదు. నే చెప్పేది విను, ఏడుస్తూ అయినా విను.

కుచ్చు ఊడితే గడ్డం ఎలా గీసుకుంటాడు? వేరే బ్రష్ అన్నయ్య చేతిలో నిలవదు కదా. అందుకే గడ్డం పెరిగింది. ఒక్క మాట నాకు ఫోన్ చేసి చెప్తే నేనే వచ్చి అంటించేవాణ్ణి… చెప్పడు. ఎప్పుడు చెప్పాడు కనక. నువ్వన్నాక లేచాడు. పాప బ్యాండు తీసుకుని చుట్టాడు, జేబులో పెట్టుకున్నాడు, చెప్పులేసుకున్నాడు… ఎక్కడికి బయల్దేరాడనుకున్నావు? మా ఇంటికి. కాలవ గట్టు మీంచి అడ్డదారి మా ఇంటికే కదా వదినా. ముందురోజు వాన పడి గట్టంతా బురదగా ఉంది. జారాడు… జారే ఉంటాడు.

చావాలనుకున్నవాడు బ్రష్ బాగుచేయించుకోడు. రుమాల్లో మూట కట్టుకోడు. గీసుకుందామనుకున్నాడు వదినా. గీసుకుని పనికి వెళ్దామనుకున్నాడు. నేను జిగురు పెడితే సాయంత్రానికి ఆరిపోయేది…

వింటున్నావా?

వదినా?

ఏంటా చప్పుడు… వదినా? ఎవరైనా ఫోన్ తీయండి. హలో… హలో…

…

హలో… అత్తయ్యగారా?

ఆ, నేనే… ఆవిణ్ణి పడుకోబెట్టండి. పాప వచ్చే టైమైంది, ఎవరినైనా బస్సు దగ్గరికి పంపండి.

… ఆ.

ఆ అత్తయ్యగారూ. అన్నయ్యే.