నీటిగుండం దారిలో ఎనిమిది బోర్డులు

హార్డీ బోరు పోలీసు ఔట్‌పోస్టు, దక్షిణ ఆస్ట్రేలియా. 2024 జూన్ 14, శుక్రవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. నమోదు చేసినవారు: కానిస్టేబుల్ గారెత్ హోల్ట్. దుబాసీ: ఐవాన్ పేడీ, సహాయ పోలీసు.

నా పేరు ఇమెల్డా కోలిన్. వయసు యాభై నాలుగు. హార్డీ బోరు బడిలో వంట చేస్తాను. ఫుట్‌బాల్ మైదానంలో తెల్లగీతలు గీసేదాన్ని కూడా నేనే. నన్ను ఎవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు. నా కాళ్ల మీద నేను నడిచివచ్చి చెబుతున్నాను. ఐవాన్ నాకు కొడుకు వరస, అతని ముందు మాట్లాడటానికి నాకు అభ్యంతరం లేదు.

ముందే ఒక సంగతి తేల్చుకున్నాం. నేను చెప్పబోయేది మా అక్క గురించి. ఆమె పోయింది. పోయినవాళ్ల పేరు మేం పలకం, వాళ్ల ఫొటో చూడం, వాళ్ల గొంతు వినం. ఏడుపు రోజులు ముగిసి, పెద్దలు ఇక చాలు అనేవరకు ఇంతే. ఒక ఏడాది పట్టవచ్చు, నాలుగేళ్లు పట్టవచ్చు. అందుకని ఆమె పేరు రాయవద్దని కోరాను.

"ఫారంలో పేరు గడి ఖాళీగా వదలకూడదమ్మా," అన్నారు కానిస్టేబుల్.

"కున్మనరా అని రాయండి సార్," అన్నాడు ఐవాన్. "పేరు పలకకూడని మనిషని అర్థం. ఊళ్లో అందరికీ తెలుస్తుంది."

"ఆ పేరుతో ఈ ఏడాది నా రికార్డులో ఇప్పటికే ముగ్గురున్నారు కదయ్యా!"

"ఈ ఏడాది అలా ఉంది సార్."

ఆయన కున్మనరా అనే రాశారు.

కిందటి ఏడాది డిసెంబరులో పట్నం నుంచి యాత్రికుల ఆఫీసువాళ్లు వచ్చారు. ఊరి పడమటన రాళ్ల మధ్య ఉన్న నీటిగుండానికి నడకదారి వేశారు. దారి పొడవునా ఎనిమిది బోర్డులు పాతారు. ఒక్కో బోర్డు మీద అరచేతంత నలుపు తెలుపు గళ్ల బొమ్మ, అదే క్యూఆర్ కోడ్. ఫోన్ కెమెరా దాని ముందు పెడితే అక్క ఫోనులో కనిపించి ఆ చోటి కథ చెబుతుంది. ఆ కథలు చెప్పే హక్కు ఆమెది. మూడు రోజులు చెప్పింది. ఆఫీసు కుర్రవాళ్లకు ఎండ దెబ్బ తగిలి పడుకుంటే, సగానికి పైగా ఫోన్ పట్టుకుని తీసింది నేనే.

అక్క కాగితం మీద సంతకం పెట్టేముందు ఒకే మాట అడిగింది. "నేను పోయిన రోజున దీని నోరు మూయిస్తారా?" అంది. వాళ్లు "తప్పకుండా మూయిస్తాం, అదే రోజున," అన్నారు. ఆ మాట కాగితంలో నాలుగో పేజీలో ఉంది. సాక్షి సంతకం నాది.

మే 27 సోమవారం సాయంత్రం నాలుగుంపావుకు అక్క క్లినిక్‌లో పోయింది. మనిషి పోయిన ఇంట్లో మేం ఉండం. మర్నాడు పొద్దున్నే ఇల్లు వదిలి వాగు ఒడ్డున ఏడుపు గుడారాలు వేసుకున్నాం. మా అమ్మమ్మ కాలం నుంచి ఆ చోటే. ఇప్పుడు దానికి అరవై అడుగుల దూరంలో యాత్రికుల బస్సులు ఆగే జాగా, మొదటి బోర్డు ఉన్నాయి. బోర్డు మా దగ్గరికి వచ్చింది, మేం బోర్డు దగ్గరికి పోలేదు. ఇది రాసుకోండి.

గుడారంలో మా బావ హెక్టర్ ఉన్నాడు. అక్క భర్త. డెబ్బై ఎనిమిదేళ్లు. చూపు పోయి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా అక్క గొంతు పట్టుకునే నడిచాడు. "ఎడమకు రా, రాయుంది," అంటే ఎడమకు, "కూర్చో," అంటే కూర్చునేవాడు. ఊళ్లోవాళ్లు "ముసలాడికి పెళ్లామే కర్ర" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

ఆ మంగళవారమే తొమ్మిదిన్నరకు నేను ఆఫీసుకు ఫోన్ చేశాను. కానర్ అనే అబ్బాయి ఎత్తాడు. మెయిల్ పెట్టమన్నాడు. బడి టీచరు చేత పెట్టించాను. రెండు వారాలు పడుతుందని జవాబు వచ్చింది. మళ్లీ ఫోన్ చేశాను.

"స్కాన్ చేయమని మిమ్మల్నెవరూ బలవంతం చేయట్లేదు కదా మేడమ్. మీరు వినకండి, సరిపోతుంది," అన్నాడు.

"కళ్లకు రెప్పలున్నాయి నాయనా. చెవుల్ని దేంతో మూస్తాం?" అన్నాను.

బస్సు మంగళ, గురు, శనివారాల్లో పదకొండు గంటలకు వస్తుంది. మంగళవారం రోడ్డు బురదగా ఉండి రాలేదు. మే 30 గురువారం వచ్చింది. ఇరవై మంది దిగారు. ఇరవై ఫోన్లు బోర్డు ముందు పెట్టారు. ఒకదాని వెనక ఒకటి ఇరవై సార్లు అక్క పలికింది. మొదటి బోర్డులో ఆమె మా భాషలో మొదలుపెడుతుంది: "రా, ఇలా రా. నా పక్కన కూర్చో."

బావ లేచి నిలబడ్డాడు. చేతులు ముందుకు చాచి నడిచాడు. నేను పరుగెత్తి పట్టుకున్నాను.

"వదలవే. పిలుస్తోంది," అన్నాడు.

"అది ఫోను బావా."

"ఫోనో గీనో నాకేం తెలుసు. రమ్మంటోంది."

ఆ సాయంత్రం బోర్డులన్నింటికీ నల్లగుడ్డలు కట్టాం. శనివారం వచ్చినవాళ్లు గుడ్డ ఎత్తి చూశారు. మూసి ఉన్నదాన్ని తెరిచి చూడకపోతే మనిషికి తోచదు. మంగళవారమూ అంతే. డ్రైవరును బతిమాలాను. మంచివాడే. "ఆఫీసు నుంచి కాగితం వస్తేనే ఆపగలను, నా ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు.

జూన్ 6 గురువారం నేను బడిలో మధ్యాహ్నం భోజనానికి కంగారూ తోకలు ఉడికిస్తున్నాను. పదకొండున్నరకు ఎవరో అరుచుకుంటూ వచ్చారు. బస్సు దిగినవాళ్లు స్కాన్ చేశారు. బావ లేచాడు. పట్టుకునేవాళ్లు పక్కన లేరు. పిలుపు వచ్చినవైపు తిన్నగా నడిచాడు. మధ్యలో పొయ్యి ఉంది. నిప్పుల్లో కాలు పెట్టాడు, ఆగలేదు, రెండో కాలూ పెట్టాడు. కానిస్టేబుల్ గారు "ఆగలేదా?" అని రెండుసార్లు అడిగారు. ఆగలేదు. అవతలికి వెళ్లి, బోర్డు ముందు నిలబడిన ఒక యాత్రికురాలి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల భయపడి ఏడ్చింది. పాపం, ఆమె తప్పేమీ లేదు.

కుడి అరికాలు పూర్తిగా కాలింది. ఎడమది సగం.

మర్నాడు శుక్రవారం నేను మేకు తీసుకువెళ్లి ఎనిమిది బొమ్మల మీదా అడ్డదిడ్డంగా గీశాను. ఇది మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. బొమ్మ పాడైతే గొంతు పోతుందనుకున్నాను. కథ చెబుతూ మేం ఇసుకలో గీసే బొమ్మలు అంతే, చేత్తో చెరిపితే కథ అయిపోయినట్టు. శనివారం ఒకాయన ఫోన్ పెట్టి, "గీతలు పడ్డా పనిచేస్తోందే, భలే!" అని భార్యకు చూపించి నవ్వాడు. అక్క మళ్లీ "రా, ఇలా రా" అంది. ఈసారి బావ కాళ్లకు కట్లున్నాయి, లేవలేకపోయాడు. మోకాళ్ల మీద పాకాడు. నేనూ, నా కూతురూ ఆయన భుజాల మీద పడి అదిమిపట్టాం. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని, దొంగను పట్టినట్టు పట్టుకున్నాం.

ఆదివారం క్లినిక్‌లో నర్సు జిల్ కట్లు మారుస్తుంటే అడిగాను. గీసినా ఎందుకు పలుకుతోంది? ఆమె మందుపెట్టె మీద అలాంటి బొమ్మే చూపించింది. మధ్యలో కొంత వేలితో మూసి, ఫోన్ పెట్టింది. అయినా తెరుచుకుంది.

"కొంత పోయినా మిగిలినదాన్నిబట్టి చదివేసుకుంటుంది ఇమెల్డా. అలా కట్టారు దాన్ని. ఆ మూడు మూలల్లో పెద్ద గడులున్నాయి చూడు, వాటితో ఎటు తల ఎటు కాలు అని తెలుసుకుంటుంది," అంది.

"అయితే మా అక్క ఆ గళ్లలో లేదా?"

"లేదమ్మా. గళ్లలో ఉన్నది చిరునామా ఒక్కటే. మీ అక్క పట్నంలో ఎక్కడో కంప్యూటర్‌లో ఉంది. ఇది అక్కడికి దారి."

"అక్కడ తలుపేస్తే?"

"అన్ని బోర్డులూ ఒక్కసారిగా మూగబోతాయి. అర నిమిషం పని."

అర నిమిషం అంది. అక్క పోయి అప్పటికి పదమూడు రోజులు. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఇది కూడా రాసుకోండి. జిల్ నాకు ఫోన్ ఎలా పట్టాలో కూడా నేర్పింది: కెమెరా తెరిచి, చెయ్యి కదలకుండా, బొమ్మ మొత్తం పట్టేలా దూరం పెట్టి, తెర కింద లింకు గీత కనిపించగానే దాన్ని తాకాలి. నేర్పినందుకు ఆమెను ఇందులోకి లాగకండి.

సోమవారం ఆఫీసుకు మళ్లీ ఫోన్ చేశాను. సెలవుదినం. ఎవరూ ఎత్తలేదు.

జూన్ 11 మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఫుట్‌బాల్ మైదానం షెడ్డు తాళం తీశాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, దొంగతనం కాదు. గీతలు గీసే తెల్లరంగు డబ్బా, వెడల్పు బ్రష్షు తీసుకున్నాను. పట్నంలో తలుపు నేను వేయలేను. దారైనా పూడ్చగలను అనుకున్నాను. మొదటి బోర్డు దగ్గర మొదలుపెట్టి, మూడు మూలల గడులు ముందు మూసి, తర్వాత మొత్తం రెండు పూతలు వేశాను. ఎవరూ నాకు సాయం రాలేదు, నేనే రానివ్వలేదు. ఎనిమిదోది గుండం దగ్గర ఉంది. తొమ్మిదీ అయిదుకు పని ముగిసింది.

పదకొండూ పదికి బస్సు వచ్చింది. యాత్రికులు ఫోన్లు అటూ ఇటూ తిప్పారు. ఏమీ పలకలేదు. ఫొటోలు తీసుకుని వెళ్లారు. బావ తల పక్కకు వంచి అలాగే కూర్చున్నాడు. బస్సు వెళ్లిన చప్పుడు విన్నాడు.

"ఇవాళ రాలేదేం?" అన్నాడు.

"ఇక రాదు బావా."

బావ నా చెయ్యి వెతికి పట్టుకుని, "సరే అయితే. ఇప్పుడు ఏడుద్దాం," అన్నాడు. "ఆవిడ మాట్లాడుతుంటే ఎలా ఏడవను?"

అప్పుడు ఏడ్చాం. గుడారాలన్నీ ఏడ్చాయి. పదిహేను రోజుల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి కానిస్టేబుల్ గారు జీపులో వచ్చారు. నన్ను తీసుకువెళ్లడానికే వచ్చారు. మమ్మల్ని చూసి టోపీ తీసి, చాలాసేపు జీపు పక్కన నిలబడి, తిరిగి వెళ్లిపోయారు. ఇది రాయవద్దన్నారు. రాయాలని నేను పట్టుబట్టాను.

ఆఫీసువాళ్లు బోర్డులు మారిస్తే మళ్లీ పూస్తావా అని కానిస్టేబుల్ గారు అడిగారు. పూస్తాను. షెడ్డులో ఇంకా రెండు డబ్బాలున్నాయి. ఎనిమిది బోర్డులూ నేనే పాడుచేశాను. దానికి మీ చట్టంలో ఎంత శిక్ష ఉంటే అంత వేయండి.

ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. చెప్పాలి. ఐవాన్, నువ్వు కావాలంటే బయటికి వెళ్లు.

("ఉంటాను చిన్నమ్మా," అన్నాడు ఐవాన్. ఉన్నాడు.)

ఏడు బోర్డులు తల తిప్పకుండా పూశాను. ఎనిమిదోదాని దగ్గర బ్రష్షు కింద పెట్టాను. ఫోన్ తీశాను. జిల్ చెప్పినట్టే చెయ్యి కదలకుండా పట్టాను. మొదటిసారి ఫోన్ చదవలేదు, మేకు గీతలు ఎక్కువయ్యాయేమో. ఇంకొంచెం వెనక్కి జరిగితే కింద గీత కనిపించింది. తాకాను.

మా పెద్దలు వినకూడదన్నది నేను విన్నాను. చూడకూడదన్నది చూశాను. బావను దొంగలా అదిమిపట్టిన చేతులతోనే ఇది చేశాను. నాలుగు నిమిషాలు. గుండంలో నీళ్లు ఎప్పుడూ ఎండని కథ అది, చిన్నప్పటి నుంచి నాకు వచ్చిన కథే. కథ అయిపోయింది. అయినా వీడియో ఆగలేదు. పట్నంలో దాన్ని కత్తిరించినవాళ్లకు మా భాష రాదు కదా, కథ ఎక్కడ ముగిసిందో తెలియక చివరి మాటలు అలాగే ఉంచేశారు. అక్క తలెత్తి ఫోన్ పట్టుకున్న మనిషికేసి చూసింది. ఆ రోజు ఫోన్ పట్టుకుని తీసిందీ నేనే.

"చాలే పిల్లా, ఇక దించు," అంది. "ఎంతసేపని పట్టుకుంటావు? చెయ్యి లాగెయ్యడం లేదూ?"

దించాను. బ్రష్షు తీసుకుని పూశాను.

ఈ సంగతి బావకు చెప్పలేదు. మా పెద్దలకు రేపు చెబుతాను. దానికి శిక్ష మీ దగ్గర లేదు, వాళ్ల దగ్గర ఉంది, వాళ్లు వేసేది పడతాను.

పైన రాసినదంతా నా నోటి మాట. ఐవాన్ మా భాషలో మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. రెండు చోట్ల దిద్దించాను. ఇందులో అబద్ధం లేదు. నేను దాచుకున్నదీ ఇక ఏమీ లేదు.

(సంతకం) ఇమెల్డా కోలిన్
మధ్యాహ్నం 12 గంటల 5 నిమిషాలు