ముప్పై మీటర్ల వరండా

మూడు వందల మీటర్లు. అక్కడ మొదలుపెట్టావు బాబాయ్ నువ్వు, గుర్తుందా? ఆరు నిమిషాల్లో మూడు వందల మీటర్లు. పోయిన వారం నడిపిస్తే మూడు వందల అరవై అట! అరవై మీటర్లు పెరిగావట! వీధి వీధంతా చాటింపు కూడా వేశావట. పొద్దున క్షవరానికి వెళ్తే మంగలి ఆయన అంటాడూ, "మీ బాబాయి కొత్త మందుతో కుర్రాడైపోయాడు గదండీ" అని. గెడ్డం కింద కత్తి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే నవ్వేసేవాణ్ణి.

ఆ అరవై ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పనా? ముందు ఆ టీవీ కట్టెయ్. పిన్ని వీధి చివరిదాకా వెళ్ళింది, తను వచ్చేలోపు చెప్పేస్తాను. తనకెందుకు పని చెప్పి పంపానా? అదీ చెప్తాను, ఆగు మరి.

అసలు నడక పరీక్షంటే ఏముంది? బ్రహ్మవిద్యా? ఆసుపత్రి వరండాలో ఈ చివర ఒక ఎర్ర డబ్బా, ఆ చివర ఒక ఎర్ర డబ్బా. మధ్య ముప్పై మీటర్లు. రోగి ఆరు నిమిషాలు అటూ ఇటూ నడుస్తాడు. నడక మేడం గోడకి ఆనుకుని ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కపెడుతుంది. ఆ అంకె కంప్యూటర్లో కొడితే అదే ముప్పైతో హెచ్చవేసుకుంటుంది. అంతే! మందు పనిచేస్తోందా లేదా అన్నది ఆ మీటర్లే తేలుస్తాయి. గుండె లోపల ఏం జరుగుతోందో కాళ్ళు చెప్తాయన్నమాట.

నేను ఆ ఆసుపత్రి పరిశోధనలో ఉద్యోగానికి చేరి రెండు నెలలే కదా. లెక్కలు చూడరా అని కూర్చోబెట్టారు, చూశాను. కూర్చోబెట్టిన వాళ్ళు ఇప్పుడు ఏడుస్తున్నారు, అది వేరే సంగతి.

ఈ కొత్త మందు పరీక్షలో మీరు నలభై మంది. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ. అదే రంగు, అదే రుచి, లోపల మాత్రం ఏమీ ఉండదు. ఎవరికి ఏది వెళ్తోందో మీకూ తెలియదు, మాకూ తెలియదు. తెలియకూడదు కూడా. తెలిస్తే ఎవడికి వాడు బాగున్నట్టే అనుకుంటాడు. సరే, మూడు నెలల తర్వాత మళ్ళీ నడిపించారు. నలభైలో ముప్పై ఎనిమిది మంది మెరుగయ్యారు బాబాయ్! ముప్పై ఎనిమిది!

ఇన్నేళ్ళు కండక్టరు పని చేశావుగా, నువ్వే చెప్పు. బస్సులో సగం మందికే టికెట్టు కొట్టావు. దిగేటప్పుడు చూస్తే అందరి చేతుల్లోనూ టికెట్లున్నాయి. నీకేమనిపిస్తుంది?

ఆ! నాకూ అదే అనిపించింది.

మా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయనే, గ్రాఫు సారు. గోడ మీద పైకెక్కే గీత లేనిదే ఆయనకి అన్నం సహించదు. "సార్, ఉత్తుత్తి బిళ్ళ మింగిన వాళ్ళ గుండె కూడా ఎలా బాగుపడింది?" అన్నాను. ఏమన్నాడో తెలుసా? కుర్చీలో వెనక్కి వాలి, "మన దగ్గర సేవ అలాంటిది నాయనా. ఇక్కడ ఉత్తుత్తి బిళ్ళ కూడా పనిచేస్తుంది" అన్నాడు. నవ్వకుండా అన్నాడు! మర్నాడు కేకు తెప్పించాడు. దాని మీద క్రీముతో పైకెక్కే గీత. నేనూ ఓ ముక్క తిన్నాను. అబద్ధమెందుకు, బాగుంది.

తిన్నాక నడక పరీక్ష చూద్దామని వరండాలోకి వెళ్ళాను. అంతకుముందు ఎవడు చూశాడు? అందరం తెర మీద అంకెలు చూసేవాళ్ళమే. రోగి ఎక్కడ నడుస్తున్నాడో, దేని మీద నడుస్తున్నాడో ఎవడికి కావాలి?

ఆ చివర సోఫా ఉంది చూడు, నీలం రంగుది, మూడు సీట్లది. పక్కన అద్దాల బల్ల. పెద్ద ఆఫీసు నుంచి ఎవరో పరిశోధన చూడ్డానికి వస్తారని గ్రాఫు సారు ముచ్చటపడి చేయించాడు. వచ్చినవాళ్ళు కూర్చోవద్దూ? పరిశోధన ఎలా ఉన్నా పరవాలేదు, వాళ్ళ నడుముకి మెత్తగా ఉండాలి! ఎర్ర డబ్బా ఆ సోఫాకి ఇవతల ఉంది. నేను వంగి సోఫా కిందికి చూశాను. నేలకి అంటించిన పసుపు టేపు ముక్క. డబ్బా పెట్టాల్సిన గుర్తు. అక్కడ, చీకట్లో, దుమ్ములో.

"మేడమ్, డబ్బా ఎప్పుడు జరిపారండీ?" అన్నాను.

"సోఫా వచ్చినప్పుడు. రోగుల్ని సోఫాలోకి నడవమంటానా?" అంది.

"మరి ముప్పై మీటర్లు?"

"అదే కదా ఎప్పుడూ" అంది. అని గోడ మీద అచ్చేసి పెట్టిన సూచనల వైపు వేలు చూపించింది. కాగితం మీద ముప్పై ఉందిగా! కాగితం మీద ఉన్నాక నేలకెంత ధైర్యం, తక్కువుండటానికి!

వడ్రంగి దగ్గర కొలత టేపు అడిగి తెచ్చి నేల మీద పాకాను. వచ్చేపోయేవాళ్ళు నాదేదో నాణెం పడిపోయిందనుకున్నారు. ఇరవై నాలుగు బాబాయ్. ముప్పై కాదు, ఇరవై నాలుగు. మీ అందరి మొదటి నడక సోఫా రాకముందు, రెండో నడక వచ్చాక. వరండా పొట్టిదైతే ఎక్కువసార్లు తిరుగుతారు. తిరిగిన ప్రతిసారికీ కంప్యూటరు ముప్పై వేసుకుంటూ పోయింది. దాని తప్పేముంది, దానికి చెప్పిందే అది చేసింది.

నువ్వు మొన్న పన్నెండు సార్లు నడిచావు. పన్నెండు ముప్పైలు మూడు వందల అరవై. పన్నెండు ఇరవై నాలుగులు? వేళ్ళు మడవకు, నేను చెప్తాను. రెండు వందల ఎనభై ఎనిమిది. నువ్వు అరవై పెరగలేదు బాబాయ్. పన్నెండు తగ్గావు.

పనిచేసింది మందు కాదు. సోఫా. మూడు సీట్ల నీలం సోఫా. ఒక్క పూటలో ముప్పై ఎనిమిది గుండెలు బాగుచేసిన మందు ఇంకోటుంటే చూపించమను!

ఏంటి అలా చూస్తావు? నా మీద కోపమెందుకు?

గ్రాఫు సారుకి చెప్పావా అంటావా? చెప్పకుండా ఉంటానా. "ఆరు మీటర్లేగా" అన్నాడు. ఆరు మీటర్లేగా! ఆయన కారు ఆరు మీటర్లు ముందుకెళ్తే ఎక్కడుంటుందో తెలుసా, ఆసుపత్రి గోడలో. ఇకమీదట సోఫా తీయించేస్తాం, సరిగ్గా నడిపిద్దాం అన్నాడు. మరి ఇంతవరకూ నడిచినవి అన్నాను. అవి పెద్ద ఆఫీసుకి పంపేశాంగా, ఇప్పుడు తవ్వితే ఎవరి పరువు పోతుంది అన్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? "కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, నీకు దూకుడెక్కువోయ్" అన్నాడు.

అప్పుడు చాలా వినయంగా అన్నాను. "సార్, ఆ అరవై మీటర్లు చూసే మీరు ఒకాయన ఆపరేషను వాయిదా వేయించారు. ఆయన మా బాబాయి" అని. ఆయన మొహం చూడాల్సింది నువ్వు. ఆ గదిలో మొదటిసారి ఒక గీత కిందికి దిగింది.

నేను ఇంతలా అరిచేది అందుకే బాబాయ్. పరువులూ కేకులూ వాళ్ళ గొడవ. పై అంతస్తులో ఆపరేషను డాక్టరు నీతో మొదట్లోనే ఏమన్నాడు? మందుతో మెరుగైతే సరే, లేకపోతే గుండెకి మిషను పెట్టాల్సిందే, ఆలస్యం చేస్తే పెట్టినా ఉపయోగముండదు అన్నాడా లేదా? నేను పక్కనే ఉన్నాను. నువ్వు తలూపావు కూడా. ఇప్పుడేమో మెరుగయ్యాడట, మిషను అక్కర్లేదట! సోఫాని చూసి గుండె మీద తీర్పు!

బాగానే ఉన్నానంటావా? ఓహో. మరి మంచం మేడ మీంచి కిందికి ఎందుకు దిగింది? గాలి కోసమా? కింద గాలి ఎక్కువా? రాత్రి మూడు దిండ్లు పెట్టుకుని కూర్చున్నట్టే పడుకుంటున్నావని పిన్ని చెప్పింది. తన మీద కళ్ళెర్రజేయకు. భయపడి చెప్పింది.

దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంటావేం, ఇంత ఉక్కలో?

ఏంటీ? మళ్ళీ చెప్పు.

సోఫా సంగతి నీకు తెలుసా?

తొందరగా వెనక్కి తిరగాల్సొస్తోందని అనిపించిందా? అనిపించి, సోఫా దగ్గర కాసేపు చెయ్యి ఆనించి, నోరు మూసుకుని నడిచావా? భలేవాడివే! దగ్గర స్టేజీలో దింపేసి దూరం టికెట్టు కొట్టాడని తోటి కండక్టరుతో నెలల తరబడి మాట్లాడని మనిషివి! నీ దాకా వచ్చేసరికి కొట్టిన టికెట్టు జేబులో పెట్టుకున్నావా?

అయితే ఇంకేం, అందరికీ లాభమే. నడక మేడంకి కొలిచే పని తప్పింది. సారుకి కేకు దొరికింది. నీకు కత్తి తప్పింది. నష్టపోయింది గుండె ఒక్కటే. దానికి నోరు లేదు, అడిగేవాడు లేడు.

భయమేసిందా.

భయమేస్తే భయమేసిందని అనొచ్చుగా బాబాయ్. కుర్రాడినయ్యానని మంగలికి చెప్పే బదులు ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా. నీ పక్కన కూర్చునేవాణ్ణి. లెక్కలు చెప్పి బుర్ర తినేవాణ్ణి, నిజమే, కానీ కూర్చునేవాణ్ణి.

సరే. విను. ఆపరేషను డాక్టర్ని నిన్న సాయంత్రం మెట్ల దగ్గర పట్టుకున్నాను. అంతా చెప్పాను. ఆయన గ్రాఫులు గీయడు, అరుస్తాడు. నా మీదే అరిచాడు ముందు. తర్వాత, "తీసుకురా ఆయన్ని. కింద ఎక్స్‌రే గది ముందు పొడుగు వరండా ఉంది, నేనే కొలిపించి నేనే నిలబడి నడిపిస్తా" అన్నాడు. ఇవాళే. పిన్నిని పంపింది టాక్సీ పిలవమని.

మిగతా ముప్పై తొమ్మిది మంది మాటేమిటంటావా? పరిశోధనల్లో తప్పొప్పులు చూసే కమిటీ ఒకటుంది, వాళ్ళకి కాగితం రాశాను. జేబులోనే ఉంది, దారిలో ఇచ్చేస్తాను. ఉద్యోగం ఉంటుందా అని అడక్కు. ఊడితే ఊడనీ. సోఫాలు అమ్ముకుంటాను, గుండె జబ్బులకి మంచిదని చెప్పి.

లే మరి. చెప్పులు కాదు, నడక పరీక్షకి బూట్లుండాలి. ఎక్కడున్నాయి? మంచం కిందా? ఇదిగో. కాలు పెట్టు.

ఇంకొంచెం తొయ్యి.

పట్టట్లేదా?

ఆ దుప్పటి తియ్యి. తియ్యి, నేను చూస్తాను... ఎన్నాళ్ళ నుంచి పాదాలు ఇలా నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి? మూడు వారాలా? అంటే పోయిన వారం చెప్పులతోనే నడిచావు, మొన్న కేకు కోసిన రోజు కూడా ఈ బూటు పట్టలేదన్నమాట.

నేను కొలత టేపు పట్టుకుని నేలంతా పాకాను బాబాయ్. నలభై మంది లెక్కలు తిరగేశాను. పెద్దాయన చేత చీవాట్లు తిన్నాను. ఇంటికొచ్చి ఈ బూటు చూసుంటే సరిపోయేది. ఎంత చదువుకుంటే ఏం లాభం!

అదిగో హారను. పిన్ని వచ్చేసింది. చెప్పులతోనే పద, డాక్టరు అరిస్తే నా మీదే అరుస్తాడు, అలవాటైంది. నా భుజం మీద చెయ్యి వెయ్. గట్టిగా, సోఫా మీద ఆనించినట్టు.

ఇప్పుడు నిలబడు. ఊపిరి తీసుకో. ముందు ఈ గడప దాటుదాం, మీటర్లు తర్వాత.