పసుపు దుమ్ము

ఆర్మూర్ పసుపు యార్డులో కొలువు పోయిన ముసలి వాచ్‌మన్ బట్టల సంచి సర్దుకుంటున్నాడు. వాకీటాకీ మాటలను గుట్ట అవతలి పొలాల నుంచి యార్డుకు చేర్చే సోలార్ రిపీటర్‌ను తయారుచేసిన కాలేజీ సారు, తలెత్తలేక అతని ముందు నిలబడ్డాడు.

“కాకా, తప్పు నాది.”

“ఏం తప్పు సారూ?”

“గుట్ట అవతలి పొలంల కూలికి పోయిన సీతాబాయిని పాము కరిచిననాడు ఎంత పిలిచినా రిపీటర్ పలకలే. నువ్వే స్విచ్చి బందు చేసినవని అందరి ముందట చెప్పిన.”

“చెప్పినవు. ఆమె బతికింది, గది చాలు.”

“యార్డుకు వచ్చెటోళ్లందరు చూసి మెచ్చుకోవాలని, దాన్ని పసుపు పాలిషు చేసే డ్రమ్ము పక్కకు తెచ్చి పెట్టింది నేనే. ప్యానెల్ మీద దుమ్ము పేరుకున్నది. ఎండ తాకక బ్యాటరీ ఖాళీ అయ్యింది.”

“నాకెరుకే. తెల్లారి తుడిచింది నేనే. నా తువ్వాల ఇంక పచ్చగనే ఉన్నది.”

సారు ఆ తువ్వాల వైపు చూశాడు. “మరి కొలువు పోతుంటే నోరెందుకు ఇప్పలే?”

“నా మాట ఎవడు నమ్ముతడు? నువ్వు చెప్తవేమోనని వారం చూసిన.”

“ఇప్పుడు చెప్తున్న గద కాకా.”

“నాకు చెప్తున్నవు సారూ. నన్ను తీసేసినోళ్లు గా ఆఫీసుల కూసున్నరు.”