రేపటి ఆశ్చర్యం

పేటవాళ్ల చందాలతో నడిచే చిన్న ఆసుపత్రి అది. పద్దెనిమిదేళ్లుగా అక్కడ ఎవరికి సన్మానం జరిగినా, కుర్చీల నుంచి కేకు దాకా చూసుకునేది ఆయమ్మే. మేనేజరు ఆవిణ్ణి పిలిచాడు.

“రేపు మీరు పదింటికి రండి, చాలు.”

“మరి ఏడింటికి తలుపెవరు తీస్తారు సార్?”

“తాళాలు నాకివ్వండి.”

“ఆ తలుపు భుజంతో నెడితేగానీ రాదు. మీ వల్ల కాదు. కుర్చీలెన్ని వెయ్యమంటారు?”

“కుర్చీలేంటి?”

“మైకు బీరువాలో ఉంది. కేకు చెప్పారా?”

“మర్చిపోయాం.”

“నేను చెప్తాలెండి. దాని మీద పేరెవరిది?”

“అది రహస్యం.”

“సరే. పొద్దున్నే వచ్చి తలుపు తీసి, కుర్చీలేసి, బయటికెళ్లిపోయి మళ్లీ పదింటికొస్తాను. అప్పుడు ఆశ్చర్యపోతాను. సరేనా?”

ఇక దాచి లాభం లేదనుకున్నాడు మేనేజరు. “మీ నాలుగో అర్జీకి కమిటీ ఒప్పుకుందమ్మా. రేపట్నుంచి మీరు సూపర్‌వైజరు.”

ఆవిడ చేతిలో తాళాలగుత్తి చప్పుడు ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఇదొక్కటీ నాకు తెలీదు సార్. మీరు రేపటిదాకా దాచాల్సింది. ఉన్న ఆశ్చర్యమంతా ఇప్పుడే అయిపోయింది, రేపు పదింటికి ఎక్కణ్ణుంచి తేను?”