రెండు తోకల విమానం

ఆగు శ్రావణ్, గా బొమ్మ విమానానికి తోక అంటియ్యకు. గమ్ము పెట్టకముందు జర నా మాట విను. డబ్బాల రెండు తీర్ల ముక్కులిచ్చిండ్రు, అద్దాలదొకటి, తుపాకుల గూడున్నదొకటి. అది సాలదని ఇంకో డబ్బాలకెల్లి ఒంటి తోక తెచ్చి పెడుతున్నవా? ఏది పెట్టాలె తాతా అని నన్నడుగుతున్నవ్. నేను బొగ్గు బాయిల చేసినోన్ని, నాకేమెరుక. మీ అమ్మ వాళ్ల బాపు, మీ తాత రాయమల్లును అడగాలె గదంతా. చచ్చిపోయి గిన్నేండ్లాయె. నీకు చెయ్యి ఆయనదే వచ్చింది గాని ఓపిక రాలే. ప్లాస్టిక్ ముక్కలంటిచ్చుడు గూడ ఒక పనేనా? ఆయన పొనికి కట్టె చెక్కి చేసిండు, నిర్మల్ బొమ్మలు చేస్తరు సూడు, గా కట్టె. పొద్దంత బాయిల కప్పు కూలకుండ నిలబెట్టే కట్టె దిమ్మెలు కోసుడు, ఇంటికొచ్చి మళ్ల ఉలి పట్టుడు. మా సత్తమ్మ నవ్వేది, పెండ్లాం కన్న ఉలి మీదనే ఆయన పాణమని. సత్తమ్మంటే నా ఇంటిదే, నువ్వు సూడలేదులే.

మీ తాత వాళ్ల బాపు పేరు హనుమండ్లు, వడ్లపని, అదే కట్టెపని, చేసెటోడు. యుద్ధం కాలంల తెల్లోళ్ల విమానాల మైదానంల పెట్టెలు కొట్టుటానికి బంగాల దిక్కు పోయిండు. పెండ్లాం దుర్గవ్వను, సంటి పిల్లగాడు మీ తాతను గూడ తీస్కపోయిండు. ఒకనాడు పెట్టెలతోని పాటు ఆయన్ని గూడ బాంబుల విమానంల ఎక్కిచ్చిండ్రు, ఇంకో మైదానంల దించుటానికని. దుర్గవ్వ కంచె అవుతల నిలబడి సూసింది. గంతే. విమానం రాలే, మనిషి రాలే, యేడ పడ్డదో ఎవ్వలూ చెప్పలే. ఆమె పిల్లగాన్ని సంకనేసుకొని చెన్నూరుకు మర్లొచ్చింది. బొట్టు మాత్రం తియ్యలే. శవం సూడంది నేనెట్ల తీస్త అన్నది. పిల్లగాడు పెద్దగై బాయిల కొలువు దొరికి మా పక్క కోటర్‌కు వచ్చిన్నాడు గూడ ఆమె నొసట గంత బొట్టుండె.

పరేషాన్ యాడ మొదలైందంటే, మీ తాతకు పిల్లలు నిలువలే. ఒకడు పురుటిల్లనే పాయె. ఇంకొకడు నడక నేర్చినంక పాయె, వానికి గుంట నేనే తవ్విన. ఇగ మూడోసారి మీ అమ్మమ్మకు కడుపు నిలవంగనే పెద్దమనుషులొచ్చి కూసున్నరు. రాయమల్లూ, మీ బాపుకు కర్మ కాలే, గాలిల తిరుగుతుండు, గందుకే పిల్లలు దక్కుతలేరు అని. శవం దొరకనోళ్లకు గడ్డితోని బొమ్మ చేసి కాలుస్తరు మా దిక్కు. దుర్గవ్వ ఒప్పుకుంటేనా. ఏడ్సింది, తిట్టింది, అన్నం మానేసింది. ఆఖరికి అన్నది, “ఏ విమానమెక్కిండో గా విమానం చెయ్యి. గడ్డిబొమ్మను దాంట్ల పెట్టి కాలుద్దం. అప్పుడు తీస్త బొట్టు.”

జగన్మోహన్‌రావు సారని ఎయిర్ ఫోర్స్‌ల చేసి వచ్చినాయన ఉండె కాలనీల. ఆయన దగ్గర ఫొటోలు సూసి మీ తాత మొదలువెట్టిండు. మొదటిది అద్దాల ముక్కు, రెక్కలకు నాలుగు పంకలు, ఎనుక రెండు తోకలు. మూరెడు పొడుగు. దుర్గవ్వ దాన్ని ఒళ్లె పెట్టుకొని చానసేపు సూసింది, పక్క తలుపు మీద వేలుతోని రాసింది. గిది గాదు బిడ్డా, ముక్కుకు తుపాకుల గూడుండె అన్నది. సరేనని ఇంకోటి చెక్కిండు. గిదీ గాదు, కడుపు కింద గుండ్రంగ ఇంకో గూడుండె అన్నది. గదీ చెక్కిండు. సారును అడిగితే, అవును, గసొంటివి గూడ ఉన్నయ్, ఒక్క విమానాన్నే ఎన్నో తీర్ల చేసిండ్రు అన్నడు. ముసలామెకు గింత యాదున్నదా అని మేం తాజుబైనం. ఈమె ఒక్కొక్క మార్పు చెప్పుకుంటనే ఉన్నది, అటు కోడలి కడుపు పెరుగుకుంటనే ఉన్నది. ఆఖరికి, “అద్దాల ముక్కేరా, గని తోక ఒక్కటే ఉండె” అన్నది.

సారు తల అడ్డంగ ఊపిండు. ఒంటి తోకది యుద్ధం ఒడిసే ముంగట వచ్చింది, మీ బాపు పోయిన్నాడు అది పుట్టనే లేదు రాయమల్లూ అన్నడు. సైకిళ్లు నడిపిచ్చుకుంట వస్తున్నం ఇద్దరం. మలుపు కాడ ఆగిండు మీ తాత. “ఏది నిజమో అవ్వకు తెల్సురా. అన్నీ తెల్సు” అన్నడు. నాకైతే కోపం నషాలానికి ఎక్కింది. ఇంట్ల కడుపుతోని ఉన్న కోడలు గట్ల గోస పడుతుంటె గీమెకు బొట్టెక్కువైందా అని. ఆయనకు కోపం రాలే. ఇంటికి పోయి ఒంటి తోక చెక్కవట్టిండు. లేని విమానం ఎందుకు చేస్తవ్రా పిచ్చోడా అన్న. అడిగింది గదా, ఇయ్యనీ అన్నడు.

తెచ్చి ముంగట పెట్టిండు. ఇగ ఏం వంక పెడ్తది. దాని దిక్కు సూసింది, కోడలి కడుపు దిక్కు సూసింది. “గిదే బిడ్డా” అన్నది. అని, ఎవ్వలూ చెప్పకముందే కొంగుతోని నొసలు తుడుసుకున్నది. గా మొఖం నేను సూడలేకపోయిన.

గడ్డిబొమ్మను గా ఒంటి తోక విమానంల పెట్టి గోదారి ఒడ్డున కాల్చినం. పొనికి కట్టె గదా, బీడీ తాగినంత సేపు గూడ పట్టలే. మీ అమ్మ శ్యామల గా వానకాలంలనే పుట్టింది, నిలిచింది. కర్మ చేస్తే నిలిచిందా, దవాఖాన్ల సూదేస్తే నిలిచిందా, నన్నడుగకు, నాకు తెల్వదు.

దుర్గవ్వ పోయినంక మా సత్తమ్మ ఆమె సందుగ సదిరింది. అడుగున పాత చీరల సుట్టి గా మొదటి విమానం. అద్దాల ముక్కు, రెండు తోకలు. పక్క తలుపు మీద కుంకుమ ఉన్నది బిడ్డా. ఒక్కనాటిది గాదు, పొరలు పొరలు గట్టింది. తన నొసలు తుడుసుకున్నకాన్నుంచి రోజూ దానికే పెట్టినట్టున్నది. మీ తాత గోరుతోని గీకి సూసిండు. “మనం కాల్చింది ఎవల్నిరా” అని అడిగిండు నన్ను.



...రెండు తోకలే పెట్టు. ముక్కు అద్దాలది. గా గమ్ము సీస మూత పెట్టు ముందు, ఎండుకపోతది.